రాష్ట్రపతి ప్రమాణం: అధికారమా, బాధ్యతా?

భారత రాష్ట్రపతి పదవిలోకి అడుగుపెట్టే ముందు ఒకే ఒక్క వాక్యం పలకాలి. రాజ్యాంగంలోని 60వ అధికరణం ఆ వాక్యాన్ని మాటకు మాట నిర్దేశించింది. రాష్ట్రపతి పదవిని నిష్ఠగా నిర్వహిస్తానని, శక్తిమేరకు రాజ్యాంగాన్నీ చట్టాన్నీ నిలిపి, కాపాడి, రక్షిస్తానని, భారత ప్రజల సేవకూ క్షేమానికీ అంకితమవుతానని దాని సారాంశం. సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి చదివిస్తారు. కొత్త రాష్ట్రపతి పలికి, కింద సంతకం చేస్తారు. 2022 జులై 25న ద్రౌపది ముర్ము చేత ఆ వాక్యం పలికించింది ఉమ్మడి కృష్ణా జిల్లా పొన్నవరంలో పుట్టిన జస్టిస్ ఎన్.వి. రమణ. ఆ తేదీకీ తెలుగునాటితో సంబంధం ఉంది. 1977 జులై 25న మన నీలం సంజీవరెడ్డి ప్రమాణం చేశారు. అప్పటి నుంచి రాష్ట్రపతులందరూ జులై 25నే ప్రమాణం చేస్తూ వస్తున్నారు.

పలకడానికి నిమిషం పట్టని ఆ వాక్యం మీద గణతంత్రం పుట్టినప్పటి నుంచీ ఒక వాదం నడుస్తోంది. రాజ్యాంగాన్ని కాపాడతానని స్వయంగా మాట ఇచ్చిన మనిషి ముందుకు మంత్రివర్గం ఒక కాగితం పంపింది. అది రాజ్యాంగానికి విరుద్ధమని ఆయన మనసారా నమ్ముతున్నారు. అప్పుడేం చెయ్యాలి? సంతకం పెడితే ఇచ్చిన మాట తప్పినట్టా? పెట్టకపోతే ప్రజలెన్నుకున్న ప్రభుత్వాన్ని ధిక్కరించినట్టా? రెండు వైపులా పెద్దవాళ్లున్నారు, రెండు వైపులా బలమైన కారణాలున్నాయి. ఆ కారణాలను ఓపికగా తూచి చూడాల్సిన విషయమిది. ఎందుకంటే ఇదే ప్రమాణం రాష్ట్రాల్లో గవర్నర్లు కూడా చేస్తారు. దాని అర్థం తేలకపోతే నష్టపోయేది ఢిల్లీ ఒక్కటే కాదు.

విధేయత వేరు, రక్షణ వేరు

మంత్రులు, ఎంపీలు, ఎమ్మెల్యేలు, న్యాయమూర్తులు చేసే ప్రమాణాలు రాజ్యాంగం మూడో షెడ్యూలులో ఉన్నాయి. మంత్రుల ప్రమాణ స్వీకారాల్లో మన చెవులకు అలవాటైన మాటలు, శాసనం ద్వారా నిర్మితమైన రాజ్యాంగం పట్ల విశ్వాసం, విధేయత చూపుతాననేవి, అక్కడివే. ఉపరాష్ట్రపతి ప్రమాణం విడిగా 69వ అధికరణంలో ఉన్నా దాని సారం కూడా విధేయతే. రాష్ట్రపతి వాక్యంలో ఆ మాట లేదు. 1963లో 16వ సవరణ ద్వారా మూడో షెడ్యూలులోని ప్రమాణాలకు దేశ సార్వభౌమాధికారాన్నీ సమగ్రతనూ నిలబెడతామన్న మాటలు చేర్చినప్పుడు కూడా ఎవరూ రాష్ట్రపతి ప్రమాణం జోలికి పోలేదు. దానికి తోడుగా ఉన్నది 159వ అధికరణంలోని గవర్నర్ ప్రమాణమొక్కటే. అందులో భారత ప్రజలకు బదులు ఆ రాష్ట్ర ప్రజలు ఉంటారు. మిగతాదంతా దాదాపు ఇదే.

ఇది చిన్న తేడా కాదు. నేను విధేయంగా ఉంటానని మంత్రి చెప్పేది తన నడవడి గురించి. నేను కాపాడతానని రాష్ట్రపతి చెప్పేది రాజ్యాంగానికి హాని తలపెట్టే ఇతరుల గురించి కూడా. ఆ హాని ప్రభుత్వం నుంచే వస్తే ఆయన చేతిలో ఏముంది అన్నదే అసలు చిక్కు.

ఆ మాటలు ఎక్కడి నుంచి వచ్చాయో చూస్తే ఈ చిక్కు ఎలా పడిందో అర్థమవుతుంది. 1787 వేసవిలో అమెరికా రాజ్యాంగాన్ని రాయడానికి ఫిలడెల్ఫియాలో ప్రతినిధులు సమావేశమయ్యారు. మొదటి ముసాయిదాలో అధ్యక్ష పదవిని నిష్ఠగా నిర్వహిస్తాననే సగం వాక్యమే ఉంది. రాజ్యాంగాన్ని నిలిపి, కాపాడి, రక్షిస్తాననే రెండో సగాన్ని ఆగస్టు 27న జార్జ్ మేసన్, జేమ్స్ మాడిసన్ ప్రతిపాదించారు. జేమ్స్ విల్సన్ ఒప్పుకోలేదు. అధికారులందరికీ వర్తించే ప్రమాణ నిబంధన ఎలాగూ ఉంది కనుక ఇది అక్కర్లేదని ఆయన అభిప్రాయం. ఓటింగులో ఏడు రాష్ట్రాలు ప్రతిపాదనను సమర్థించాయి, ఒకటి వ్యతిరేకించింది. అలా తయారైన 35 ఇంగ్లిషు మాటల ప్రమాణాన్ని 1789 ఏప్రిల్ 30న న్యూయార్క్‌లో జార్జ్ వాషింగ్టన్ మొదటిసారి పలికారు. ఆ అదనపు మాటలు పదవికి కొత్తగా ఏమైనా ఇస్తున్నాయా అన్న సందేహం ఆ ప్రమాణంతో పాటే పుట్టింది.

మన రాజ్యాంగ సభ ఆ మాటలను తీసుకుని రెండు చేర్పులు చేసింది. రాజ్యాంగం పక్కన చట్టాన్ని నిలబెట్టింది. చివర ప్రజల సేవను, క్షేమాన్ని కలిపింది. ఈ రెండూ 1937 నాటి ఐర్లండ్ రాజ్యాంగంలో అధ్యక్షుడు చేసే ప్రతిజ్ఞలోనూ కనిపిస్తాయి. అమెరికా అధ్యక్షుడు తానే పరిపాలిస్తాడు. ఐర్లండ్ అధ్యక్షుడు కొద్ది విషయాల్లో తప్ప ప్రభుత్వ సలహా ప్రకారం నడుచుకుంటాడు. పాలించే అధ్యక్షుడి మాట, పాలించని అధ్యక్షుడి మాట మన ప్రమాణంలో ఒకే వాక్యమై కూర్చున్నాయి. రాష్ట్రపతిని ఎవరితో పోల్చాలన్న వాదం ఇన్నాళ్లూ తెగకపోవడానికి ఇదొక కారణం.

దేవుడి పేరు విషయంలో మాత్రం రాజ్యాంగ సభ తగాదాను తేలిగ్గానే తీర్చింది. 1948 డిసెంబరులో ఈ అధికరణం చర్చకు వచ్చినప్పుడు హెచ్.వి. కామత్, మహావీర్ త్యాగి వంటివారు ప్రమాణంలో దేవుడి ప్రస్తావన ఉండాలన్నారు. నమ్మకం లేనివారిని బలవంతపెట్టకూడదన్న పట్టింపూ సభకు ఉంది. దేవుడి పేరిట ప్రమాణం, లేదా సత్యనిష్ఠతో ప్రతిజ్ఞ, ఎవరికి ఏది ఇష్టమైతే అది అని రెండు దారులూ తెరిచి ఉంచారు. ఆస్తికుడికీ నాస్తికుడికీ సమానంగా చోటిచ్చిన ఆ ఏర్పాటు ఇప్పటికీ సవ్యంగా సాగుతోంది. ఎవరి సాక్షిగా మాట ఇవ్వాలో అలా తేలిపోయింది. ఇచ్చిన మాటకు బలమెంత అన్నది మాత్రం తేలలేదు.

కాపాడేవాడికి సొంత బుద్ధి ఉండొద్దా?

ముందుగా రాష్ట్రపతికి స్వతంత్ర బాధ్యత ఉందనేవారి వాదన విందాం. కేంద్ర కార్యనిర్వాహక అధికారం రాష్ట్రపతిదేనని 53వ అధికరణం చెబుతోంది. ఆయన్ను పార్లమెంటు సభ్యులే కాక అన్ని రాష్ట్రాల ఎమ్మెల్యేలూ కలిసి ఎన్నుకుంటారు. అందువల్ల ఆయన లోక్‌సభ మెజారిటీకి మాత్రమే ప్రతినిధి కాదు. ఇక 61వ అధికరణం ప్రకారం రాష్ట్రపతిని అభిశంసించడానికి ఉన్న ఏకైక కారణం రాజ్యాంగ ఉల్లంఘన. సొంతంగా ఆలోచించే హక్కే లేని మనిషిని రాజ్యాంగం ఉల్లంఘించావని శిక్షించడం ఏం న్యాయం? పైగా ప్రధాన న్యాయమూర్తి ఎదుట అందరూ వినేలా కాపాడతానని మాట ఇప్పించి, ఆ వెంటనే చెప్పినచోట సంతకం పెట్టమనడం ప్రమాణాన్ని తంతుగా మార్చడమేనని వీరి ఆవేదన.

ఈ పక్షాన నిలిచినవారు సామాన్యులు కారు. మొదటి రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ 1951 సెప్టెంబరులో హిందూ కోడ్ బిల్లు సందర్భంగా, బిల్లుల ఆమోదం విషయంలో తన విచక్షణ ప్రకారం నడుచుకోవాలనుకుంటున్నట్టు ప్రధాని నెహ్రూకు రాశారు. సార్వత్రిక ఎన్నికలు ఇంకా జరగలేదు, తాత్కాలిక పార్లమెంటుకు అంత పెద్ద మార్పు చేసే హక్కు ఎక్కడిదన్నది ఆయన అభ్యంతరాల్లో ఒకటి. 1960 నవంబరు 28న ఢిల్లీలో భారత న్యాయ సంస్థ భవనానికి శంకుస్థాపన చేస్తూ, మన రాష్ట్రపతి అధికారాలు బ్రిటిష్ రాజు అధికారాల వంటివేనా అన్న అంశంపై పరిశోధన జరగాలని బహిరంగంగానే కోరారు. రాజ్యాంగ ముసాయిదా సంఘంలో సభ్యుడైన కె.ఎం. మున్షీ కూడా 1963లో వెలువరించిన పుస్తకంలో రాష్ట్రపతికి స్వతంత్ర పాత్ర ఉందని వాదించారు.

వీరి చేతిలోని అతి బలమైన ఉదాహరణ 1975 జూన్ 25 రాత్రి. అత్యవసర పరిస్థితి ప్రకటన మీద రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ ఆ రాత్రే సంతకం చేశారు. మంత్రివర్గం అప్పటికి సమావేశమే కాలేదు. మర్నాడు పొద్దున్నే మంత్రులను పిలిచి జరిగినదానికి ఒప్పుకోలు తీసుకున్నారు. మంత్రివర్గం ఏమనుకుంటోందో తెలిశాకే సంతకం చేస్తానని రాష్ట్రపతి ఆ రాత్రి ఒక్క మాట అని ఉంటే ఏమయ్యేదో ఎవరూ చెప్పలేరు. ఆ మాట అనడానికి మాత్రం కొత్త అధికారమేదీ అక్కర్లేదు. 60వ అధికరణం కింద ఆయన ఇచ్చిన మాట చాలు. చరిత్రలో ప్రమాణానికి నిజంగా పని పడిన రాత్రి అది. ఆ రాత్రి అది పనిచేయలేదు. ఈ వాస్తవాన్ని రెండో పక్షం వాళ్లు దాటవేయకూడదు.

కాపాడే పేరుతో పెత్తనమా?

రెండో పక్షం వాదన కూడా అంతే గట్టిది. 1947 జులైలో రాజ్యాంగ సభలో నెహ్రూ, రాష్ట్రపతిని నేరుగా ప్రజలు ఎన్నుకోవాలన్న సూచనను కాదంటూ, అసలైన అధికారం మంత్రివర్గానికీ చట్టసభకూ ఉండాలన్నదే మన ఉద్దేశమని చెప్పారు. 1948 నవంబరు 4న ముసాయిదాను ప్రవేశపెడుతూ అంబేద్కర్ మరింత సూటిగా చెప్పారు. మన రాష్ట్రపతి స్థానం ఇంగ్లండు రాజు స్థానం వంటిదే, ఆయన దేశానికి అధిపతి కానీ ప్రభుత్వానికి కాదు అని. 1951లో రాజేంద్రప్రసాద్ లేఖ అందాక నెహ్రూ ఇద్దరు న్యాయకోవిదుల అభిప్రాయం కోరారు. ఒకరు అటార్నీ జనరల్ ఎం.సి. సేతల్వాడ్, మరొకరు నెల్లూరు సీమలో పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్. మంత్రివర్గ సలహాకు రాష్ట్రపతి కట్టుబడాల్సిందేనని ఇద్దరూ తేల్చారు. మున్షీ, అల్లాడి ఒకే ముసాయిదా సంఘంలో కూర్చున్నవారు. రాసినవాళ్లే ఇలా చెరోవైపు నిలబడ్డారంటే వాక్యంలోనే సందిగ్ధం ఉందన్నమాట. రాజేంద్రప్రసాద్ కూడా చివరికి సంప్రదాయాన్ని మీరలేదు. ఎన్నికలయ్యాక 1955, 1956లలో హిందూ వివాహ చట్టం, వారసత్వ చట్టం పార్లమెంటులో నెగ్గి వస్తే ఆయనే సంతకం చేశారు.

ఆ తర్వాత న్యాయస్థానం, పార్లమెంటు సందిగ్ధాన్ని చాలావరకు తొలగించాయి. 1974లో శంషేర్ సింగ్ కేసులో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, కొన్ని అసాధారణ సందర్భాల్లో తప్ప రాష్ట్రపతి, గవర్నర్లు మంత్రివర్గ సలహా మేరకే పనిచేయాలని చెప్పింది. 1976లో 42వ సవరణ ఆ మాటను 74వ అధికరణంలోకే ఎక్కించింది.

ప్రమాణంలోని మాటలే ఈ పక్షానికి ఒక గట్టి ఆధారం ఇస్తున్నాయని నాకనిపిస్తుంది. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలైనప్పుడు అబ్రహాం లింకన్ న్యాయస్థానం ముందు నిలబెట్టకుండా మనుషులను నిర్బంధించే వీలు సైన్యానికి కల్పించాడు. అలా హక్కును నిలిపివేసే అధికారం చట్టసభదే తప్ప అధ్యక్షుడిది కాదని ప్రధాన న్యాయమూర్తి టానీ ప్రకటించారు. జులై 4న చట్టసభకు పంపిన సందేశంలో లింకన్ తన ప్రమాణాన్నే అడ్డుపెట్టుకున్నాడు. ఒక్క చట్టాన్ని పక్కన పెడితే ప్రభుత్వం నిలుస్తుందనిపించినప్పుడు, పెట్టకుండా ప్రభుత్వాన్ని కూలనిస్తే ప్రమాణం తప్పినట్టు కాదా అని అడిగాడు. అమెరికా ప్రమాణంలో ఉన్నది రాజ్యాంగమొక్కటే కనుక ఆ వాదనకు ఎంతో కొంత చోటుంది. మన రాష్ట్రపతి రాజ్యాంగాన్నీ చట్టాన్నీ కలిపి కాపాడతానంటారు. ఒకదాన్ని కాపాడేందుకు మరొకదాన్ని పక్కన పెట్టే వీలు ఆ వాక్యంలో లేదు. ఆయన కాపాడతానన్న రాజ్యాంగంలో 74వ అధికరణం కూడా ఉంది. సలహాను శాశ్వతంగా తోసిపుచ్చితే కాపాడతానన్నదాన్నే మీరినట్టవుతుంది.

ఇక ఆచరణలో కాపాడే బాధ్యతను సొంత నిర్ణయంగా మార్చుకుంటే ఏమవుతుందో తెలుగువారికి వేరెవరూ చెప్పనక్కర్లేదు. 1984 ఆగస్టు 16న గవర్నర్ రాంలాల్ ముఖ్యమంత్రి ఎన్.టి. రామారావును పదవి నుంచి తొలగించి నాదెండ్ల భాస్కరరావు చేత ప్రమాణం చేయించారు. అమెరికాలో గుండె ఆపరేషన్ చేయించుకుని అప్పుడే తిరిగొచ్చిన ఎన్.టి.ఆర్. శాసనసభలో బలం నిరూపించుకుంటానన్నా వినలేదు. గవర్నర్ చేసిన ప్రమాణం రాష్ట్రపతి చేసేదే: రాజ్యాంగాన్ని కాపాడతాను, ప్రజల క్షేమానికి అంకితమవుతాను. మెజారిటీ ఎవరికుందో తన తృప్తి మేరకు తానే తేల్చుకోవచ్చని ఆయన అనుకున్నారు. ఎమ్మెల్యేలను వెంటబెట్టుకుని ఎన్.టి.ఆర్. ఢిల్లీలో రాష్ట్రపతి ముందు నిలబడాల్సి వచ్చింది. రాంలాల్ వెళ్లిపోయారు, శంకర్ దయాళ్ శర్మ వచ్చారు, సెప్టెంబరు 16న ఎన్.టి.ఆర్. మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. ఆ నెల రోజులు ఈ రాష్ట్రం వీధుల్లోనే ఉంది. ప్రభుత్వం బలం తేలాల్సింది సభలోనే తప్ప గవర్నర్ గదిలో కాదని సుప్రీంకోర్టు 1994లో బొమ్మై కేసులో స్పష్టం చేసింది. ఆ పాఠం ఆంధ్రప్రదేశ్ పదేళ్ల ముందే నేర్చుకుంది.

1975 రాత్రి మొదటి పక్షానికి ఎంత బలమిస్తుందో 1984 ఆగస్టు రెండో పక్షానికి అంత బలమిస్తుంది. ఒకచోట ప్రమాణం చేసినవారు నోరు మెదపలేదు, మరోచోట ప్రమాణం చేసినవారు హద్దు మీరారు. రెండుచోట్లా నష్టపోయింది ప్రజలే.

సలహా లేని వేళ, సలహా తప్పైన వేళ

ఈ రెంటికీ నడుమ దారి ఉందా? ఉంది. దానికి ముందు రెండు సందర్భాలను విడదీసి చూడాలి.

మొదటిది, సలహా ఇవ్వడానికి సభ విశ్వాసం ఉన్న ప్రభుత్వమే లేని సందర్భం. 1979 జులైలో మొరార్జీ దేశాయ్ రాజీనామా చేశాక సంజీవరెడ్డికి ఎదురైంది ఇదే. ఆయన చరణ్‌సింగ్‌ను ఆహ్వానించారు. చరణ్‌సింగ్ లోక్‌సభ ముఖం చూడకుండానే ఆగస్టు 20న రాజీనామా చేశారు. జగ్జీవన్‌రామ్ తనకు అవకాశమివ్వాలని కోరుతున్నా, సంజీవరెడ్డి ఆగస్టు 22న సభను రద్దు చేశారు. ఎన్నికలే శుభ్రమైన పరిష్కారమని అప్పుడూ కొందరన్నారు, జగ్జీవన్‌రామ్‌కు అన్యాయం జరిగిందని ఇంకొందరన్నారు. ఇలాంటి ఘడియల్లో రాష్ట్రపతి సొంత బుద్ధి వాడక తప్పదని శంషేర్ సింగ్ తీర్పే ఒప్పుకుంది. ప్రధానిని ఎంచుకోవడం, మెజారిటీ పోయినా దిగనంటున్న ప్రభుత్వాన్ని దించడం వంటివి అందులో ప్రస్తావించిన మినహాయింపులు. ఇక్కడ రాష్ట్రపతికి దారి చూపగలిగింది ఆయన ప్రమాణమే.

రెండోది, మెజారిటీ ఉన్న ప్రభుత్వం తప్పు సలహా ఇచ్చిన సందర్భం. అసలు తగాదా దీని మీదే. 1978లో వచ్చిన 44వ సవరణ ఈ చిక్కులో ఒక ముడి విప్పింది. సలహాను పునరాలోచించమని రాష్ట్రపతి ఒకసారి తిప్పి పంపవచ్చు. మళ్లీ అదే సలహా వస్తే దాని ప్రకారం నడుచుకోవాలి. అదే సవరణ, అత్యవసర పరిస్థితి ప్రకటించాలంటే మంత్రివర్గ నిర్ణయం రాతపూర్వకంగా రాష్ట్రపతికి అందాలనే షరతు పెట్టింది. బిల్లుల విషయంలో తిప్పి పంపే హక్కు 111వ అధికరణంలో మొదటి నుంచీ ఉంది. ప్రభుత్వ వ్యవహారాల సమాచారం అడిగే హక్కును 78వ అధికరణం ఇచ్చింది. పెత్తనం పిల్లలకు అప్పగించిన ఇంటి పెద్ద ఒక్కసారి పిలిచి బాగా ఆలోచించే చేస్తున్నారా అని అడిగినట్టు, రాష్ట్రపతి అడగవచ్చు. నిర్ణయం మాత్రం వారిదే.

ఒక్కసారి అడగడం వల్ల ఏం ఒరుగుతుందని తీసిపారేసేవారున్నారు. కె.ఆర్. నారాయణన్ ఏం సాధించారో వారు గుర్తు చేసుకోవాలి. 1997 అక్టోబరులో ఉత్తరప్రదేశ్‌లో రాష్ట్రపతి పాలన పెట్టాలని గుజ్రాల్ మంత్రివర్గం సిఫారసు చేస్తే ఆయన తిప్పి పంపారు. మంత్రివర్గం వెనక్కి తగ్గింది. 1998లో బీహార్ విషయంలో వాజపేయి మంత్రివర్గానికీ అదే జవాబు. అంటే ఏ పార్టీ అన్నది చూడలేదు. 1999 ఫిబ్రవరిలో బీహార్ సిఫారసు మళ్లీ వచ్చింది. ఆయన నియమం ప్రకారం సంతకం చేశారు. రాజ్యసభలో దానికి మద్దతు దొరకక ప్రభుత్వమే మార్చిలో ఉపసంహరించుకుంది. రాష్ట్రపతి ఆపలేదు. ఆలోచించుకునే వ్యవధి కల్పించారు, చివరి మాట సభకు వదిలారు. 2006లో లాభదాయక పదవుల బిల్లును అబ్దుల్ కలాం తిప్పి పంపినప్పుడూ అంతే. పార్లమెంటు మళ్లీ ఆమోదించింది, ఆయన సంతకం చేశారు. అయితే ఆ బిల్లు ఎందుకు, ఎవరి కోసం అన్న ప్రశ్న ఈలోగా దేశమంతటా చర్చకు వచ్చింది.

అడగకపోతే ఏమవుతుందో కూడా కలాం హయాంలోనే చూశాం. 2005 మేలో బీహార్ శాసనసభ రద్దు సిఫారసు మీద ఆయన మాస్కో పర్యటనలో ఉండగా రాత్రికి రాత్రి సంతకం చేశారు. ఆ రద్దు రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు తేల్చింది. తాను రాజీనామా లేఖ రాసి పెట్టుకున్నానని తర్వాత ఆయనే తన పుస్తకంలో చెప్పుకున్నారు. ఆయన చిత్తశుద్ధిని శంకించేవారెవరూ లేరు. అంతటి మనిషికీ తొందర చేటు చేసింది.

మౌనానికి మార్కులు వేయకూడదు

సంతకమూ కాదు, తిప్పి పంపడమూ కాదు అనే మూడో పద్ధతి ఒకటుంది. బిల్లును బల్ల మీదే ఉంచేయడం. ఉత్తరాలను తెరిచి చూసే విస్తృతాధికారం ప్రభుత్వానికి కట్టబెట్టే తపాలా సవరణ బిల్లును 1986లో పార్లమెంటు ఆమోదిస్తే రాష్ట్రపతి జైల్ సింగ్ ఏమీ చేయకుండా ఉంచేశారు. ఆయన పదవీకాలం ముగిసేదాకా అది అలాగే ఉంది. పౌరుల ఉత్తరాల గోప్యత దక్కింది గనుక చాలామంది దీన్ని ప్రమాణానికి న్యాయం చేసిన ఘట్టంగా మెచ్చుకుంటారు. ఫలితం మంచిదే, కాదనను. కానీ ఆ పద్ధతిని మెచ్చుకోలేను. కారణం చెప్పకుండా చెడ్డ బిల్లును ఆపగలిగినవారు కారణం చెప్పకుండా మంచి బిల్లునూ ఆపగలరు.

అలాగే జరిగింది కూడా. శాసనసభ ఆమోదించిన బిల్లులు గవర్నర్ దగ్గర నిలిచిపోయాయంటూ 2023లో తెలంగాణ ప్రభుత్వం సుప్రీంకోర్టు తలుపు తట్టింది. బిల్లును తిప్పి పంపాలనుకుంటే వీలైనంత త్వరగా పంపాలని రాజ్యాంగంలో ఉన్న మాట ఊరికే రాసింది కాదని కోర్టు ఆ ఏప్రిల్‌లో గుర్తు చేసింది. 2025 ఏప్రిల్ 8న తమిళనాడు కేసులో ఇంకా ముందుకెళ్లి గడువులు నిర్దేశించింది. దాని మీద రాష్ట్రపతి కోర్టు అభిప్రాయం కోరారు. నవంబరులో రాజ్యాంగ ధర్మాసనం, కోర్టులు అలా గడువులు పెట్టలేవని, అయితే కారణం లేకుండా ఏళ్ల తరబడి తాత్సారం చేస్తే పరిమితంగా జోక్యం చేసుకోవచ్చని చెప్పింది. కోర్టు గడువు పెట్టలేదు సరే. ప్రమాణం చేసినవారి మనస్సాక్షి పెట్టుకోవద్దా? పదవిని నిష్ఠగా నిర్వహిస్తాననేది ఆ వాక్యంలో మొట్టమొదటి వాగ్దానం. కాపాడతాననేది దాని తర్వాతిది. నిర్ణయమే తీసుకోనివారు మొదటి మాట దగ్గరే తప్పినవారు.

ఐర్లండ్ నుంచి ప్రమాణంలోని పోలికలే కాక ఆచరణ కూడా కొంత తెచ్చుకోవచ్చేమో ఆలోచించాలి. అక్కడ అధ్యక్షుడికి బిల్లు చెల్లుబాటు మీద అనుమానం వస్తే ఏడు రోజుల్లోగా సుప్రీంకోర్టుకు నివేదించవచ్చు. మన దగ్గర 143వ అధికరణం కింద కోర్టు అభిప్రాయం కోరాలన్నా మంత్రివర్గ సలహా కావాలి. ఐర్లండ్ పద్ధతిలో లాభముంది. రాజ్యాంగ విరుద్ధమా కాదా అన్నది రాష్ట్రపతి సొంత నమ్మకం మీద ఆధారపడదు, న్యాయస్థానం తేలుస్తుంది. నష్టమూ ఉంది. ప్రతి రాజకీయ తగాదా చట్టం కాకముందే కోర్టుకెక్కే ప్రమాదం ఉంటుంది, ప్రతిపక్షాలు రాష్ట్రపతి మీద ఒత్తిడి తెస్తాయి. అందువల్ల తొందరపడి దిగుమతి చేసుకోమని అనను. ముందు ఉన్నదాన్ని వాడుకోవడం నేర్చుకోవాలి.

రెండు పక్షాలనూ తూచాక నా మొగ్గు ఇది. చివరి నిర్ణయం మంత్రివర్గానిదే, సభదే. ఆ విషయంలో రెండో పక్షం వాదన నెగ్గుతుంది. ప్రమాణం రాష్ట్రపతికి గానీ గవర్నర్‌కు గానీ ఒక్క చుక్క అదనపు అధికారం ఇవ్వదు. ఇచ్చిందనుకున్నప్పుడు ఏమైందో హైదరాబాద్ చూసింది. కానీ ప్రమాణం ఉత్త తంతు కాదన్న విషయంలో మొదటి పక్షానిదే సత్యం. కాపాడతానన్న మాట రాష్ట్రపతి మీద మోపే బరువు ప్రశ్నించే బాధ్యత. ఈ నిర్ణయం ఎవరు తీసుకున్నారు, ఎప్పుడు సమావేశమయ్యారు, ఏ ఆధారం మీద, ఇంత తొందరెందుకు అని అడగాలి. రాతపూర్వకంగా అడగాలి, త్వరగా అడగాలి, ఏ పార్టీ గద్దె మీదున్నా ఒకేలా అడగాలి. తిప్పి పంపిన కారణాలు తగిన సమయంలో ప్రజలకు తెలియాలి. అడగాల్సినచోట అడగకుండా సంతకం చేస్తే అది ప్రమాణానికి లోటు. అడగకుండా, చెప్పకుండా కాగితాన్ని తొక్కిపెడితే అదీ లోటే.

దీనికి రాజ్యాంగ సవరణ అక్కర్లేదు. 78, 111, 74 అధికరణాల్లో కావలసిన దారులన్నీ ఉన్నాయి. లేనిది అలవాటు. తిప్పి పంపిన ప్రతిసారీ దాన్ని ప్రభుత్వానికి అవమానంగా చూడటం పాలక పక్షాలు మానాలి. తిప్పి పంపనప్పుడల్లా రాష్ట్రపతిని రబ్బరు స్టాంపు అని ఎగతాళి చేయడం ప్రతిపక్షాలు మానాలి. రాష్ట్రపతి అభ్యర్థిని ఎంచుకునేటప్పుడు కులం, ప్రాంతం, విధేయత లెక్కలకన్నా ముందు, అర్ధరాత్రి కాగితం వస్తే ఈ మనిషి ఒక ప్రశ్న అడుగుతారా అని పార్టీలు ఆలోచించాలి. ఓటు వేసే ఎంపీలు, ఎమ్మెల్యేలు మనం పంపినవారే కనుక, ఆ ప్రశ్న వారిని అడిగే హక్కు మనకూ ఉంది.